ఆ ఇత్తడి పెట్టె పేరు కలందాను

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు పాతకాలపు లోహవస్తువుల ఫొటోలు ఒక పుట నిండా వేశారు. అందులో రెండో వరుసలో, రాశిచక్రపు బొమ్మలతో మెరిసిపోతున్న పొడవాటి ఇత్తడి పెట్టె కింద మీ వ్యాఖ్య మూడు ముక్కల్లో ఉంది: మధ్యయుగపు నగల పెట్టె, మనుషుల బొమ్మలు ఉన్నాయి కనుక బహుశా ఐరోపా పనివారి చేతి పని, కళాకారుడు అజ్ఞాతం. ఆ పెట్టెను నేను ఎరుగుదును. మూడేళ్ల కిందట మా అమ్మాయి దగ్గర లండన్‌లో ఉన్న రోజుల్లో బ్రిటిష్ మ్యూజియంలో దాని అద్దాల అర ముందు రెండు పూటలు నిలబడ్డాను. రెండో పూట మా మనవడు విసుగొచ్చి బయటి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ జానెడు పెట్టెలో ఎవరూ ఏ కాలంలోనూ నగలు పెట్టుకోలేదు. అందులో కలాలు పెట్టుకున్నారు, సిరా పెట్టుకున్నారు. అది కలందాను. ఐరోపాతో దానికి ఏ సంబంధమూ లేదు. ఇక మూడోమాట సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే నన్ను ఈ ఉత్తరం రాయించింది అదే.

ముందుగా నా సంగతి ఒక్క మాట. నేను లోహవిద్య తెలిసినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజుల మధ్య బతికి పదవీ విరమణ చేసిన గుమాస్తాను. దస్తావేజు, దస్కతు, దఫ్తరు, కాగితం అనే మాటలు నోట్లో నానబెట్టుకుని జీతం తిన్నవాడికి అవి ఎక్కడినుంచి నడిచి వచ్చాయో తెలుసుకోవాలనిపించడం సహజం. అలా మొదలైన చదువు ఒక్కో మెట్టూ దిగుతూ, పారసీక దేశాల గుమాస్తాలు ఏ పెట్టెలోంచి కలం తీసేవారు అన్నదాకా వెళ్లింది. కనుక ఈ ఉత్తరంలో ఒక వృత్తివాడి పక్షపాతం ఉంటే ఉండవచ్చు. దాన్ని మీరు మన్నించాలి.

కలందాను ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ కలం ఎలాంటిదో తెలియాలి. అరబ్బీలో ఖలమ్ అంటే రెల్లు కలం. గ్రీకు భాషలో రెల్లును కలమోస్ అంటారు. అరబ్బీ మాట అక్కడినుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. దక్షిణ ఇరాకు చిత్తడి నేలల్లో పెరిగే రెల్లుకు లేఖరుల్లో మంచి పేరుండేది. దాన్ని ఎండబెట్టి, కొస చెక్కి, పాళీ మధ్య సన్నటి చీలిక పెట్టి, చివరను ఏటవాలుగా ఒక్క వేటుకు తెగ్గొట్టేవారు. ఈ ఆఖరి వేటు కోసం దంతంతోనో ఎముకతోనో చేసిన చిన్న పలక ఉండేది. కలాన్ని దాని మీద ఆనించి కోస్తారు. పాళీ వెడల్పే అక్షరానికి లావు, సన్నం ఇస్తుంది. అక్షరం ఎత్తు ఎంత ఉండాలో కూడా ఆ పాళీ ఒత్తిన చుక్కతోనే కొలుస్తారు. అంటే రాసేవాడికి ఒక కలం చాలదు. పెద్ద శాసనానికి లావు కలం, ఆదేశానికి మధ్యరకం, అంచులో రాసే సన్నటి మాటకు ఇంకొకటి కావాలి. వాటికి తోడు చాకు, పలక, సిరా, తడి సిరా మీద చల్లే ఇసుక, కాగితాలు అంటించే జిగురు. ఇవన్నీ చెదరకుండా, సిరా ఒలకకుండా, దివాణం నుంచి గుడారానికీ గుడారం నుంచి గుర్రం మీదికీ మోసుకెళ్లడానికే ఈ పెట్టె.

మన పాత లేఖరికి ఇంత హంగు లేదు. తాటాకు మీద గంటంతో గీస్తే సరిపోయేది. గీసిన తర్వాత మసి పూసి తుడిస్తే గీతలో మసి నిలిచేది. గంటం మొలలో దోపుకుని ఊరు దాటవచ్చు. గంటాలకూ అందమైన పిడులు ఉండేవి, ఆ పనితనం తక్కువది కాదు. కానీ గంటం గీతకు లావు, సన్నం ఉండవు. తడి సిరా, వెడల్పు పాళీ, నునుపు కాగితం, ఈ మూడూ కలిసిన చోటనే కలందాను పుట్టింది. నగల పెట్టెకూ దీనికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. నగల పెట్టె ఏ ఆకారంలోనైనా ఉండవచ్చు. కలందాను మాత్రం రెల్లు కలం పొడవుకు లోబడి, సన్నగా, పొడుగ్గా, పిడికిట్లో ఇమిడేలా ఉంటుంది. కొన్నిటికి చివరలు గుండ్రంగా, కొన్నిటికి మూలలు తీర్చి ఉంటాయి. లోపల ఒక పక్క సిరాకు గుంట, కొన్నిట్లో ఇసుకకూ జిగురుకూ ఇంకో రెండు గుంటలు, మిగిలినదంతా కలాలు పడుకునే తొట్టి.

సిరాబుడ్డి విడిగా కూడా ఉండేది. ఇరాన్‌లో 12, 13 శతాబ్దాల సిరాబుడ్లు చిన్న గుమ్మటం పెట్టిన గుండ్రటి కట్టడంలా ఉంటాయి: నిట్టనిలువు గోడ, పైన బొడిపె ఉన్న గుమ్మటపు మూత, పక్కన తాళ్లు దూర్చే కొక్కేలు. ఆ తాళ్లు మూతను బిగించి పట్టుకుంటాయి, చేతికి తగిలించుకోవడానికీ పనికొస్తాయి. లోపల సిరా నేరుగా పోయరు. పట్టుపోగులో ఉన్నిపోగులో ముద్దచేసి అడుగున పెట్టి, దానికి సిరా పీల్పిస్తారు. కలం ఆ ముద్దకు తాకితే కావలసినంతే అంటుకుంటుంది, బుడ్డి పక్కకు ఒరిగినా ఒలకదు. చిన్నప్పుడు బడి సంచిలో సిరాబుడ్డి ఒలికి చొక్కా పాడుచేసుకుని ఇంట్లో దెబ్బలు తిన్నవాణ్ణి కనుక, ఆ పోగుముద్ద గురించి చదివినప్పుడు ఇంత చిన్న ఉపాయం మాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. అరబ్బీలో బుడ్డికీ పెట్టెకూ కలిపి దవాత్ అనే ఒకే మాట. పాతబస్తీలో ఉర్దూ చదువుకున్న పెద్దలు సిరాబుడ్డిని ఇప్పటికీ దవాత్ అనే అంటారు, పెట్టెను ఖలమ్‌దాన్ అంటారు. అత్తరుదానిని, పాన్‌దాన్‌ను కలుపుకున్న తెలుగు నోటికి కలందాను కష్టమైన మాట కాదు. అందుకే మీ వ్యాఖ్యలో అది లేకపోవడం నాకు మరింత వెలితిగా తోచింది.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇస్లాం లోకపు కళలో ప్రాణుల రూపాలు ఉండవు, లతలూ గీతలూ అక్షరాలూ తప్ప ఇంకేమీ ఉండవు అన్న అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. మీ ఉపసంపాదకుడు ఆ అభిప్రాయంతోనే బొమ్మలు చూడగానే ఐరోపా వైపు తిరిగి ఉంటారు. మసీదు గోడకూ ఖురాన్ ప్రతికీ ఆ మాట సరిపోతుంది. ఇంట్లో, దర్బారులో, దఫ్తరులో వాడే వస్తువులకు సరిపోదు. మీరు వేసిన పెట్టె మీద పన్నెండు రాశులూ ఉన్నాయి, గ్రహాలూ ఉన్నాయి. అవన్నీ మనుషుల, మృగాల రూపాల్లోనే ఉన్నాయి. ఆ కాలపు లోహపు పనిలో గ్రహాలకు స్థిరమైన వేషాలు ఉండేవి. శుక్రుడు వీణవంటి వాద్యం పట్టుకున్న స్త్రీ. కుజుడు ఒక చేత కత్తి, ఇంకో చేత తెగిన తల పట్టుకున్న యోధుడు. శని ముసలివాడు. చంద్రుడు నెలవంకను రెండు చేతులతో ముఖం చుట్టూ పట్టుకుని కూర్చున్న మనిషి. బుధుడు లేఖరి: చేతిలో కలం, కాగితం.

బుధుడి దగ్గర మరికాస్త ఆగుతాను. మిథునానికీ కన్యకూ అధిపతి బుధుడు అని మన ఇంట్లో పంచాంగం చూసేవారు ఎవరైనా చెబుతారు. ఆ పనివారి లెక్క కూడా అదే. గ్రీకుల నాటి జ్యోతిషం ఒక పక్క ఇక్కడికీ ఒక పక్క అక్కడికీ పాకింది, మన వైపునుంచీ కొంత వారికి చేరింది. మనం రాహుకేతువులు అనేవాటిని వాళ్లు జౌజహర్ అనే మహాసర్పంగా చూశారు, గ్రహణాలకు దాన్నే కారణం చేశారు. దాని తల మిథునంలోనూ తోక ధనుస్సులోనూ బలం పుంజుకుంటాయని నమ్మారు. అందుకే ఆ లోహవస్తువుల మీద ధనూరాశి విలుకాడు వెనక్కి తిరిగి, తన తోక చివర నోరు తెరిచిన పాము తల మీదికే బాణం ఎక్కుపెట్టి ఉంటాడు. ఐరోపా పని అని మీరు అనుకున్న బొమ్మల్లో సగం తిరుపతి పంచాంగం చదివే మనిషికి పరిచయమైనవే. వాటిలోనూ గుమాస్తాల గ్రహమైన బుధుడిని గుమాస్తా పెట్టె మీద కూర్చోబెట్టడంలో ఉన్న చమత్కారం నగల పెట్టె అన్న ఒక్క మాటతో పోయింది.

ఇలాంటి పెట్టె ఇదొక్కటే అయితే ఏదో మినహాయింపు అనుకోవచ్చు. అలా కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్‌లో 1148 నాటి కలందాను ఒకటి ఉంది. ఇరాన్ వైపు వెండీ రాగీ పొదిగిన పనిలో తేదీ చెక్కిన తొలి వస్తువుల్లో అది ఒకటి. అంటే తేదీ వేసి దాచుకోదగ్గ వస్తువుగా ఆ పనివారికి మొదట్లోనే తోచినవాటిలో కలాల పెట్టె ఉంది. పదిహేనేళ్ల తర్వాత, 1163లో, హెరాత్‌లో చేసిన ప్రసిద్ధమైన పొదుగు బాల్చీ కూడా అదే మ్యూజియంలో ఉంది. దాన్ని పోతపోసినవాడొకడు, నగిషీ చేసినవాడొకడు, ఇద్దరి పేర్లూ దాని మీద ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉన్న కలందాను. దాన్ని నేను ఫొటోల్లోనే చూశాను. దాదాపు అడుగు పొడవు, ఇత్తడి మీద వెండీ రాగీ పొదుగు, హిజ్రీ 607 అంటే 1210-11. చేసినవాడు షాజీ. మధ్య ఆసియాను, ఇరాన్‌ను ఏలిన ఖ్వారజ్మ్ షా కొలువులో పెద్ద వజీరైన మజ్దుల్ ముల్క్ అల్ ముజఫ్ఫర్ కోసం చేశాడు. ఆ కాలపు ఇత్తడి వస్తువుల మీద సాధారణంగా దీని యజమానికి కీర్తి, భాగ్యం, క్షేమం కలుగుగాక అని రాసి ఉంటుంది, పేరుండదు. బజారులో ఎవరు కొంటే వారే యజమాని కదా. ఇక్కడ వజీరు పేరుంది, ఆయన బిరుదుల వరస ఉంది. ఇంకా విశేషం ఏమిటంటే కొన్ని చోట్ల అక్షరాలకే ప్రాణం వచ్చింది: నిలువు గీతల కొసల్లో మనుషుల తలలు మొలిచాయి, అక్షరాల ఒంట్లో మృగాలు, పక్షులు దూరాయి. చదవాలని కూర్చుంటే ముఖాలు చూస్తాయి, ముఖాలు చూస్తుంటే మాట జారిపోతుంది. రాసేవాడికి ఇంతకన్నా తగిన అలంకారం ఏముంటుంది? పెట్టె లోపల ఉన్న కలం చేయబోయే పనినే పెట్టె పై భాగం ఆటగా చేసి చూపిస్తోంది.

షాజీ ఈ పని చేసిన పదేళ్లకే ఆ ఖ్వారజ్మ్ రాజ్యంలోని మెర్వ్ నగరం మంగోలుల చేతిలో నేలమట్టమైంది. 1221లో. దానికి కొద్దికాలం ముందు అక్కడ ఉండి వెళ్లిన భౌగోళికుడు యాకూత్ అల్ హమవీ ఆ ఊరి గ్రంథాలయాల గురించి రాసుకున్నాడు: పది గ్రంథాలయాలు, ఒకదానిలోనే పన్నెండు వేల సంపుటాలు; తన ఇంట్లో ఎప్పుడూ అరువు తెచ్చుకున్న పుస్తకాలు రెండు వందలకు తగ్గేవి కావని, వాటిలో చాలావాటికి బయానా కూడా అడిగేవారు కాదని. అతను చెప్పిన గ్రంథాలయాల్లో మజ్దుల్ ముల్క్ అనే వజీరు పేరు మీద ఉన్నదీ ఒకటి. పుస్తకాలు పోయాయి. కాగితం మండుతుంది, ఇత్తడి మండదు. ఆ కొలువులో కలం ఎంత గౌరవం అనుభవించిందో చెప్పడానికి మనకు మిగిలినవాటిలో ఆ పెట్టె ఒకటి.

గౌరవం అన్న మాట నేను అలంకారంగా వాడడం లేదు. ఖురాన్‌లో ఒక అధ్యాయం పేరే ఖలమ్. అది కలం మీద, రాసే రాతల మీద ప్రమాణంతో మొదలవుతుంది. కలం ద్వారా బోధించాడు అన్న మాట మరో అధ్యాయంలో వస్తుంది. మత గ్రంథమే అలా మొదలుపెట్టాక, రాజ్యం దాన్ని తనకు వాడుకోకుండా ఉంటుందా? దవాత్ వజీరు పదవికి గుర్తు అయింది. రాజుగారి దవాత్ మోసేవాడు, అంటే దవాత్‌దార్, ఒక పెద్ద ఉద్యోగి అయ్యాడు. కైరో రాజధానిగా ఏలిన మమ్లూకుల కాలంలో ఆ పదవి సైనిక అమీర్ల చేతికి వెళ్లి, చివరికి రాజ్యంలో అత్యున్నతమైనవాటిలో ఒకటైంది. ఒక్కో అమీరు తన పదవికి తగ్గ గుర్తును తన కట్టడాల మీద, గాజు దీపాల మీద, పళ్లేల మీద వేయించుకునేవాడు. దవాత్‌దార్ గుర్తు కలందాను బొమ్మ. గుండ్రటి వలయంలో, పై నుంచి చూసినట్టు, సిరా గుంటలతో సహా. కత్తి పట్టి గుర్రమెక్కి పైకొచ్చిన మనిషి తన ఇంటి మీద కలాల పెట్టె బొమ్మ చెక్కించుకున్నాడంటే ఆ పెట్టెకు ఎంత విలువ ఉందో ఊహించుకోవచ్చు. అతనికి స్వయంగా రాయడం ఎంత వచ్చో అడగకూడదు. రాసేవాడి కన్నా కలం అందించేవాడు పెద్దవాడవడం అన్ని దఫ్తరుల్లోనూ చూసేదే.

కలంతో వచ్చిన అధికారం ప్రాణాంతకమూ కావచ్చు. బాగ్దాదులో మూడుసార్లు వజీరు పదవి ఎక్కి దిగిన ఇబ్న్ ముఖ్లా, పాళీ చుక్కతో అక్షరాన్ని కొలిచే పద్ధతిని స్థిరపరచినవాడని చెప్పే మహా లేఖకుడు, శత్రువుల చేతికి చిక్కి కుడిచేయి పోగొట్టుకున్నాడు. మొండి చేతికి కలం కట్టుకుని రాశాడని చరిత్రకారులు చెబుతారు. 940లో చెరలో చనిపోయాడు.

ఇంత అలంకారం గుమాస్తాకు అవసరమా అన్న ప్రశ్న ఆ కాలం వాళ్లకూ వచ్చింది. కైరో దివాణంలో పనిచేసి, 15వ శతాబ్దం తొలి ఏళ్లలో లేఖరి వృత్తి మీద పద్నాలుగు సంపుటాల గ్రంథం పూర్తి చేసిన అల్ ఖల్ఖషందీ, దవాత్‌లో ఉండవలసిన పనిముట్లను పదిహేడుగా లెక్కపెట్టి, వాటన్నిటి పేర్లూ అరబ్బీ మకారమైన మీమ్ అక్షరంతోనే మొదలవుతాయని ముచ్చటపడతాడు. తన కాలపు ఉత్తరాల గుమాస్తాలూ లెక్కల గుమాస్తాలూ ఇత్తడి, ఉక్కు దవాత్‌ల కోసం ఎగబడి, ఎంత ధరైనా పోసి, వాటిని అందంగా చేయించుకోవడంలో పోటీ పడుతున్నారని కూడా ఆయనే రాశాడు. ఉక్కువి అరుదు, వజీరు స్థాయి వారికే. ఇత్తడివి ఎక్కువ. కర్ర దవాత్‌లు దాదాపు వదిలేశారు. నల్ల కరాచి మాను (ఎబొనీ), ఎర్రచందనం దవాత్‌లను మాత్రం న్యాయమూర్తులూ వారి లేఖరులూ పట్టుకుని ఉన్నారు. తీర్పు చెప్పేవాడు మెరిసే లోహానికి దూరంగా ఉండాలని వారు అనుకున్నారేమో. ఇది నా ఊహ మాత్రమే, ఆయన చెప్పింది కాదు. వెండి, బంగారు పాత్రల్లో తిని తాగడం కూడదని ప్రవక్త మాటగా వచ్చిన నిషేధం ఒకటి ఉండనే ఉంది. ఇత్తడి మీద వెండి పొదిగే పని అంతగా వ్యాపించడానికి ఆ నిషేధమూ ఒక కారణమని కొందరు, ఆ కాలంలో వెండి కొరత కారణమని కొందరు పండితులు అంటారు.

పొదుగు పని ఎలా జరుగుతుందో చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఇత్తడిని పోతపోసిగానీ రేకు కొట్టిగానీ పెట్టె చేస్తారు. బొమ్మ గీసి, వెండి రావలసినచోట ఉలితో లోతు తీస్తారు. అంచు దగ్గర ఉలిని లోపలి వైపుకు వాల్చి, గోడ కిందకు కొద్దిగా తొలుస్తారు. సరిగ్గా ఆ ఆకారానికి కత్తిరించిన వెండి రేకును ఆ పల్లంలో పెట్టి సుత్తితో మెల్లగా కొడితే, రేకు అంచు ఆ గోడ కిందికి జారి బిగుసుకుంటుంది. మేకు లేదు, టంకం లేదు. సన్నటి గీతలకు రేకు బదులు తీగ. ఆ తర్వాత వెండి మీద కళ్లూ ముక్కూ బట్టల మడతలూ సన్నటి ఉలితో గీస్తారు. మిగిలిన ఇత్తడి పల్లంలో నల్లటి ముద్ద నింపుతారు, వెండి ఎగిసి కనబడడానికి. లండన్‌లో నేను రెండో పూట నిలబడింది వెండి ఊడిపోయిన చోట్లు చూడడానికే. వెండి ఉన్నచోట పనితనం కనిపిస్తుంది, ఊడినచోట పనివాడు కనిపిస్తాడు. ఉలి దెబ్బలు ఏడు వందల ఏళ్ల తర్వాతా అలాగే ఉన్నాయి.

ఈ వరస చదువుతుంటే మన పాఠకులకు బిదరీ పని గుర్తుకు రావాలి. బీదరు ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే, ఆ పనివారు హైదరాబాదులోనూ ఉన్నారు. అక్కడ ఇత్తడి కాదు, రాగి కొద్దిగా కలిపిన తుత్తునాగం. ముందు మైలుతుత్తం పూసి తాత్కాలికంగా నల్లబరిచి, ఆ నలుపు మీద బొమ్మ గీసి, ఉలితో తొలిచి, వెండి తీగో రేకో కొట్టి బిగిస్తారు. చివర బీదరు కోట మట్టి, నవాసారం కలిపిన నీళ్లలో వేడి చేస్తే తుత్తునాగం కారునలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. లోహం వేరు, నలుపు తెచ్చే దారి వేరు. వెండిని అంచు కింద ఇరికించే కిటుకు మాత్రం అదే వంశానిది. బిదరీ పనివారు హుక్కా కుండలతో, పాన్‌దాన్లతో పాటు కలందానులూ చేశారు. కనుక మీ ఫొటోలోని పెట్టె మనకు పరాయిది అనుకోవడానికి వీల్లేదు. దాని దాయాది మన సాలార్ జంగ్ మ్యూజియం బిదరీ గదిలో చూడవచ్చు.

ఆ మ్యూజియంలోనే ఇంకొకటి ఉంది. బాగ్దాదు ఆఖరి ఖలీఫా కొలువులో పెరిగి, 1258లో ఆ నగరం కూలిపోయాక కూడా నలభై ఏళ్లు రాస్తూ బతికి, 1298లో చనిపోయిన యాకూత్ అల్ ముస్తాసిమీ అనే లేఖకుడు రాసినదిగా, 1288 నాటిదిగా చెప్పే ఖురాన్ ప్రతి. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల దస్కతులు ఉన్నాయి. ఈయన పైన చెప్పిన మెర్వ్ యాకూత్ కాదు, వేరు మనిషి. పాళీని ఏటవాలుగా కోయడంలో కొత్త ఒడుపు తెచ్చి అక్షరానికి సొగసు పెంచాడని ఈయనకు పేరు. మీరు వేసిన పెట్టె తయారైన ఏడేళ్లకు ఆ ప్రతి పూర్తయిందన్నమాట. ఒకటి లండన్ చేరింది, ఒకటి ఆగ్రా, ఢిల్లీ చూసి మూసీ ఒడ్డుకు చేరింది. ఆ కలాల నుంచి జారిన సిరా ఎలా ఉండేదో చూడాలనుకున్న మీ పాఠకులు లండన్ దాకా వెళ్లనక్కర్లేదు, అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి వంతెన దాటితే చాలు.

ఇక మీ వ్యాఖ్యలోని మూడో మాట. కళాకారుడు అజ్ఞాతం అన్నారు. మన గుళ్లలో వేల శిల్పాలు పేర్లు లేకుండా నిలబడి ఉండడం చూసి చూసి, పాతది ఏదైనా కనబడితే అజ్ఞాత శిల్పి అని రాసేయడం మనకు అలవాటైపోయింది. ఈ లోహపు పనివారు మాత్రం తమ పేర్లు చెప్పుకున్నారు. ఉత్తర ఇరాకులోని మోసుల్ ఊరి పనివారు అయితే ఊరి పేరు కూడా వదల్లేదు. బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్న 1232 నాటి వెండి పొదుగు కూజా మీద షుజా ఇబ్న్ మనా అనే మోసుల్ వాడు, దాన్ని మోసుల్‌లోనే చేశానని రాసుకున్నాడు. తర్వాత డమాస్కస్‌కూ కైరోకూ వలస వెళ్లిన పనివారు అక్కడ చేసిన వస్తువుల మీద కూడా మోసుల్ వాడినని చెప్పుకున్నారు. ఆ ఊరి పేరు ఒక పనితనపు ముద్రలా పనిచేసింది. వజీరు పేరు, సుల్తాను పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న వస్తువు మీదనే ఒక మూల తన పేరు చెక్కుకోవడానికి ఉలి పట్టినవాడికి హక్కుండేది. ముప్పై ఏళ్లు ఇతరుల ఆస్తుల పత్రాలు తయారుచేసి, వాటిలో ఎక్కడా నా పేరు రాని నాకు ఆ హక్కు చిన్నదిగా తోచదు.

మీరు ఫొటో వేసిన పెట్టె మీద కూడా చేసినవాడి పేరుంది, హిజ్రీ 680 అని సంవత్సరముంది. మన లెక్కలో 1281-82. కనుక వచ్చే ఆదివారం మీరు సవరణ వేస్తే, ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా, అదే ఫొటో పక్కన వేయవలసిందిగా కోరుతున్నాను. నగల పెట్టె అన్నచోట కలందాను అని మార్చండి. ఐరోపా మాట తీసేయండి. కళాకారుడు అన్నచోట మహమూద్ ఇబ్న్ సున్‌కుర్ అని పూర్తి పేరు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హైదరాబాదు